గుర్రం నాది, స్వారీ అందరిదీనా?

ప్రశ్న: మేడమ్, మాది మధురవాడ. రెండేళ్ల క్రితం నా జీతం డబ్బుతో ఒక ఆడగుర్రాన్ని కొనుక్కున్నాను. పేరు మల్లి. ఆనందపురం దాటాక తెలిసినవారి మామిడి తోటలో షెడ్డు వేయించి, చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాను. ఆదివారం వస్తే చాలు, మావారి వైపు బంధువులంతా తోటకు వచ్చి ఒక్కసారి ఎక్కుతామంటారు. పోయిన నెల మా ఆడపడుచు కొడుకు, పదిహేనేళ్లవాడు, ఎక్కి పగ్గాలు గట్టిగా లాగేశాడు. మల్లి తల పైకెత్తి వెనక్కి వెనక్కి నడిచింది. మా మనిషి పట్టుకోకపోతే పిల్లవాడు పడిపోయేవాడే. అప్పటి నుంచి జీను తెస్తుంటేనే మల్లి చెవులు వెనక్కి వాలుస్తోంది. ఇక ఎవరినీ ఎక్కించనన్నాను. "మనుషుల కన్నా గుర్రం ఎక్కువైపోయిందా" అని అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు. తొంభై కిలోలు దాటిన ఆడపడుచు భర్త తనూ ఎక్కాల్సిందేనంటున్నారు. మావారు ఎటూ తేల్చరు. పెళ్లి ఫొటోలు తీసేవారు మల్లిని భీమిలి బీచికి తెస్తే డబ్బిస్తామంటున్నారు. స్వారీ బాగా వచ్చిన నా స్నేహితురాలేమో దాణా ఖర్చు సగం పెట్టుకుంటాను, వారానికి రెండు రోజులు నాకివ్వు అంటోంది. ఆమెకు కూడా ఇవ్వబుద్ధి కావడం లేదు. నేను స్వార్థపరురాలినా?

జవాబు: కాదమ్మా. స్కూటీ అరువు ఇవ్వనన్నవారిని ఆ మాట అంటే అనవచ్చునేమో గానీ, స్కూటీకి నొప్పి తెలియదు. ఇక్కడ అడిగేవారికీ ఇచ్చేవారికీ మధ్య మూడో ప్రాణి ఒకటి ఉంది. నీకు ఇష్టమేనా అని దాన్ని ఎవరూ అడగరు. దాని తరఫున కాదనగలిగింది మీరొక్కరే. కాబట్టి "ఇవ్వాలా వద్దా" అని మథనపడకండి. ఎవరికి, ఎలా ఇస్తే మల్లికీ ఎక్కినవారికీ హాని జరగదో అదొక్కటే చూడండి. అలా చూస్తే మీ ఉత్తరంలో ఉన్న నలుగురికీ నాలుగు వేర్వేరు జవాబులు వస్తాయి.

అయితే దీని కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. జీను చూడగానే చెవులు వెనక్కి వాల్చడం పొగరు కాకపోవచ్చు, నొప్పి కావచ్చు. ఆ రోజు అబ్బాయి ఏం చేశాడో గుర్తు చేసుకోండి. కొత్తగా ఎక్కినవారికి బ్యాలెన్సు తప్పగానే చేతిలో ఉన్న పగ్గాలనే ఆసరాగా పట్టుకుంటారు. కళ్ళెం ఇనుము ఉండేది గుర్రం ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని చోట, నాలుక మీద, పలుచని చిగురు మీద. పైనున్న మనిషి బరువంతా అక్కడ పడితే తల ఎత్తి వెనక్కి పోవడం తప్ప దానికి దారి లేదు. అబ్బాయికి అది మొండితనంగా కనిపించి ఉంటుంది, ఇంకా గట్టిగా లాగి ఉంటాడు. అందుకని పశువైద్యుణ్ణి పిలిపించి నోరు, పళ్లు, వీపు చూపించండి. జీను సరిగ్గా కూర్చుంటోందో లేదో, అడుగున చర్మం ఒరుసుకుపోయిందేమో వెతకండి. ఆయన ఫర్వాలేదనేంత వరకు ఎవరూ ఎక్కవద్దు, మీతో సహా.

మీ బంధువుల మీద కోపం తెచ్చుకోకండి. మన విశాఖలో చాలామంది చూసిన గుర్రం ఆర్కే బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే గుర్రమే. పక్కనే ఒక మనిషి పగ్గం పట్టుకుని నడుస్తుంటాడు, ఎక్కినవారికి కూర్చోవడం తప్ప పని ఉండదు. దాన్ని చూసినవారికి గుర్రమంటే ఎవరైనా ఎక్కగలిగేదే అనిపించడంలో వింత లేదు. ఆ గుర్రాల ఓర్పు మాత్రం ఎవరికీ కనబడదు.

ఇక మీ ఆడపడుచు భర్తగారి సంగతి. ఇందులో అభిమానాలతో పని లేదు, అంకెలు చాలు. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని స్వారీ తెలిసినవారు సాధారణంగా పాటించే లెక్క. మల్లి సుమారు 400 కిలోలుంటుందనుకుంటే ఆ హద్దు 80 కిలోలు. జీనుకే ఏడెనిమిది కిలోలు పోతాయి. ఆ లెక్క కూడా స్వారీ వచ్చినవారికే. రానివారు వీపు మీద దబ్బున కూలబడుతూ ఉంటారు కాబట్టి హద్దు ఇంకా కిందికి దిగాలి. ఇది మీరు చెబితే బావమరిది భార్య తన శరీరాన్ని వేలెత్తి చూపిందని ఆయన నొచ్చుకుంటారు. డాక్టరుగారు మల్లి బరువు చూసి ఇంత వరకే అన్నారని మీవారు చెబితే అక్కడితో ఆగుతుంది.

అవును, మీవారే చెప్పాలి. ఇంత రచ్చకు సగం కారణం ఆయన మౌనమే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. తన అక్కచెల్లెళ్లకూ, అమ్మకూ కాదనాల్సిన బాధ్యతను కోడలి మీద వదిలేస్తే, గుర్రం పేరుతో మొదలైన గొడవ కోడలి గుణం మీదకు పోతుంది. ఇప్పుడు జరిగింది అదే. "నువ్వు నా పక్షాన ఉన్నావా లేదా" అని నిలదీయకండి. ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు ఆయన్ను తోటకు తీసుకెళ్లి మల్లి ముందు జీను పెట్టండి. ఆ చెవులు వెనక్కి వాలడం ఆయన కళ్లతో చూడనివ్వండి.

బంధువులకు మాత్రం ఒకే మాట చెప్పండి: "స్వారీ నేర్చుకోనివారు ఎక్కకూడదు." ప్రతి ఆదివారం కొత్త కారణం వెతుక్కుంటే ప్రతి కారణానికీ ఒక వాదన వస్తుంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అనలేదు. కాదన్నాక వారి చేతికి చేయదగ్గ పని ఏదైనా ఇవ్వండి. అత్తగారి చేత నానబెట్టిన ఉలవలు కొంచెం పెట్టించండి. ఎంత పెట్టాలో మాత్రం మీరే కొలిచి ఇవ్వండి, ఎందుకంటే గుర్రానికి వాంతి చేసుకోవడం సాధ్యం కాదు, మోతాదు మించితే కడుపునొప్పి ప్రాణం మీదకు వస్తుంది. తన చేత్తో తిండి పెట్టిన ప్రాణి మీద ఆవిడ మనసు మెత్తబడుతుందని నా నమ్మకం.

ఆ అబ్బాయిని దూరం పెట్టకండి. అందరి ముందు పడబోయిన అవమానం వాడిలో ఉండే ఉంటుంది. ముందు మల్లి ఒంటికి బ్రష్ చేయడం, గిట్టల్లో ఇరుక్కున్న మట్టి తీయడం నేర్పించండి. అందులో నిలబడితే మీరు తాడు పట్టుకుని గుండ్రంగా నడిపిస్తుండగా, చేతికి పగ్గాలు ఇవ్వకుండా, ఎక్కించవచ్చు. స్వారీ హెల్మెట్ ఉండాలి. చెప్పులతో ఎక్కనివ్వకండి. పాదం రికాబులోంచి (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియం) అవతలికి జారి ఇరుక్కుంటే పడ్డ మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుంది. మడమ ఉన్న బూట్లు వేసుకుంటేనే ఎక్కాలి.

ఫొటోల వారికి వద్దనే చెప్పండి. మెత్తటి ఇసుకలో కాలి స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే నారలు) మీద పడే ఒత్తిడి, డ్రోను మోత, ఎగిరే దుపట్టాలు, చుట్టూ జనం, ఇన్ని కలిసినచోట బెదరని గుర్రం అరుదు. పైగా మన సముద్రపు ఉక్కలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే గుర్రం ఒళ్లు చల్లబడదు. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నియమాలు, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా వాటితో పని చేయించకూడదన్నాయి. ఎవరికైనా దెబ్బ తగిలితే, జంతువు విషయంలో నిర్లక్ష్యం కింద భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ మీ మీదకు రావచ్చు, ఫొటోగ్రాఫరు మీదకు కాదు.

మిగిలింది మీ స్నేహితురాలు. ఇక్కడ నేను మీతో ఏకీభవించలేను. ఉద్యోగం చేస్తూ మీరు వారానికి ఎన్నిసార్లు ఆనందపురం వెళ్లగలుగుతున్నారు? రోజుల తరబడి షెడ్డులో నిలబడి ఆదివారం ఒక్కసారిగా పరుగెత్తే గుర్రం కన్నా, వారంలో నాలుగు రోజులు సమంగా నడిచే గుర్రం ఆరోగ్యంగా ఉంటుంది. మెత్తని చెయ్యి ఉన్న మనిషి ఎక్కితే పోయిన నెల భయం కూడా మెల్లగా తగ్గవచ్చు. అయినా మీకు ఇవ్వబుద్ధి కాకపోవడానికి, మల్లి ఆమెకు దగ్గరైపోతుందేమోనన్న దిగులు కారణమని నాకు అనిపించింది. అది సహజం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కాకపోతే ఆ దిగులుకు మల్లి క్షేమం అన్న పేరు పెట్టకండి.

డాక్టరు సరేనన్నాక ఆమెను పిలవండి. మొదట మీరు స్వారీ చేస్తుంటే ఆమె చూడాలి, తర్వాత ఆమె చేస్తుంటే మీరు చూడాలి. కొన్నాళ్లు మీరు లేకుండా వద్దు. దిగాక మల్లి నోరు, వీపు తడిమి చూడండి. మర్నాడు జీను చూసి చెవులు ఎలా పెడుతోందో చూడండి. అది బాగుంటేనే డబ్బు మాట. ఏ రోజులు, ఎంతసేపు, దౌడు తీయించవచ్చా లేదా, వైద్యం ఖర్చు వస్తే ఎవరు పెట్టుకోవాలి, కుదరకపోతే ఎన్ని రోజుల ముందు చెప్పుకోవాలి, అన్నీ కాగితం మీద రాసుకోండి. సగం ఖర్చు పెట్టుకున్నందుకు సగం హక్కు రాదన్న మాట కూడా అందులో ఉండాలి.

ఇంకొక్కటి. మల్లిని చూసుకునే మనిషికి మీరు లేనప్పుడు మీ బంధువుల మాట తీసేసే ధైర్యం ఉండదు. "అమ్మగారు ఫోను చేసి చెబితేనే జీను తీస్తాను" అని ఆయన అనగలిగేలా, ఈ ఆదివారం లోపే మీవారి ఎదుట ఆయనకు ఆ మాట చెప్పి, జీను పెట్టే గది తాళం మీ దగ్గర ఉంచుకోండి.