మిషన్ ఇస్తే చాలదు, ఆర్డరు కూడా కావాలి
పాఠకుల ప్రశ్నలు: అఫ్గాన్ మహిళలకు కుట్టు శిక్షణ

ప్ర: అఫ్గానిస్తాన్ ఆడవాళ్ళకు సాయం అనగానే అందరూ కుట్టుపనే నేర్పుతారేం? వేరే పనులు లేవా?

జ: ఉండేవి, ఒక్కొక్కటే మూసేశారు. 2021 ఆగస్టులో తాలిబన్లు వచ్చాక ఆడపిల్లల చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. 2022 డిసెంబరులో యూనివర్సిటీలకు వెళ్ళొద్దన్నారు, ఎన్జీవోల్లో ఉద్యోగాలు చెయ్యొద్దన్నారు. 2023 జులైలో బ్యూటీ పార్లర్లు మూతపడ్డాయి. 2024 డిసెంబరులో నర్సింగ్, మంత్రసాని కోర్సులూ పోయాయి. ఇంట్లో కూర్చుని చేసుకునే కుట్టుపని మిగిలింది. ఆడవాళ్ళ కొలతలు మగ దర్జీ తీసుకోవడానికి చాలా కుటుంబాలు ఒప్పుకోవు కాబట్టి గిరాకీ కూడా ఉంది. ఇష్టపడి ఎంచుకున్న వృత్తి అని మాత్రం అందరి విషయంలో అనలేం.

ప్ర: మా సంఘం తరఫున మిషన్లు కొనివ్వాలనుకుంటున్నాం. కరెంటువా, కాలితో తొక్కేవా?

జ: తొక్కేవే. కాబూల్‌కి కరెంటు ఎక్కువగా పొరుగు దేశాల నుంచి వస్తుంది, చలికాలంలో కోతలు తప్పవు. మోటారు తర్వాతైనా బిగించుకోవచ్చు. మిషన్ అక్కడి బజారులోనే కొనిపించండి, విడిభాగాలు దొరకాలి కదా. ఒక్కోదానితో ఐదు బాబిన్లు (కింది దారం చుట్టే చిన్న చక్రాలు), 14, 16 నంబరు సూదులు పదేసి, ఒక బెల్టు, చిన్న బ్రష్షు, మిషన్ ఆయిల్ ఇవ్వండి. వంటనూనె పోస్తే బంక కట్టి, బాబిన్ కూర్చునే షటిల్ బిగుసుకుపోతుంది. తోలు బెల్టు సాగి జారుతుంటే అర సెంటీమీటరు కోసి మళ్ళీ క్లిప్పు వేయాలి. ఎక్కువ కోస్తే తొక్కడం బరువవుతుంది.

ప్ర: గుడ్డ కింది వైపు దారం ఉచ్చులు పడుతోందని నేర్చుకునేవాళ్ళంతా బాబిన్ కేసు స్క్రూ తిప్పేస్తున్నారు.

జ: ఆ స్క్రూ జోలికి వెళ్ళొద్దనండి. కింద ఉచ్చులు పడితే లోపం పైదారంలో ఉంటుంది, దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళల మధ్య అది సరిగా కూర్చోలేదన్నమాట. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి దారం మొదటి నుంచీ ఎక్కించాలి. పాదం దించి ఉంటే బిళ్ళలు విచ్చుకోవు, దారం లోపలికి పోదు. కుట్లు తప్పుతున్నాయంటే సూది వంగి ఉండాలి, లేదా తిరగేసి పెట్టి ఉండాలి. సూదికి పొడవాటి గాడి ఉన్న వైపు నుంచే కంట్లో దారం ఎక్కాలి.

ప్ర: మూడు నెలల్లో ఏమేం నేర్పాలి? చాలామందికి అంకెలు కూడా రావు.

జ: పది రకాలు పైపైన నేర్పితే ఒక్కటీ అమ్ముడుపోదు. మొదటి వారం దారం లేకుండా కాగితం మీద గీతలు, వంపులు కుట్టించండి. తర్వాత తుంబాన్, అంటే అక్కడి వదులు పైజామా. తిన్నటి కుట్లకు చెయ్యి కుదురుతుంది, రెండు కాళ్ళ నడుమ ముక్క అతకడం వస్తుంది. ఆపైన పైచొక్కా పెరహాన్. అందులో అసలు పరీక్ష మెడ చీలిక దగ్గర. బకరం (మెడ బిర్రుగా నిలవడానికి వేసే గట్టి గుడ్డ) వేసి కుట్టాక చీలిక చివర కత్తెర గాటు కుట్టుకి ఒక్క పోగు దూరం దాకా వెళ్ళాలి. భయపడి ముందే ఆపితే తిప్పినప్పుడు ముడత పడుతుంది, కుట్టు దాటితే చిరుగుతుంది. కాటన్ గుడ్డైతే కత్తిరించేముందే తడిపి ఆరబెట్టాలి.

అంకెల బెంగ అక్కర్లేదు. చదవడం వచ్చినవాళ్ళకి కూడా టేపు మీది అంకెలు కొత్తే, అక్కడి భాషలు దరీ, పష్తోల్లో అంకెల రూపాలు వేరు. మనిషికో పొడవాటి కాగితం పట్టీ తీసుకుని ఛాతీకి ఒక గాటు, చేతికి రెండు, పొడవుకి మూడు పెట్టిస్తే కొలతలు తప్పవు.

ప్ర: కందహార్ ఖామక్ ఎంబ్రాయిడరీ నేర్పితే ఎక్కువ డబ్బు రాదా?

జ: వస్తుంది, కానీ మూడు నెలల్లో వచ్చే పని కాదు. ముద్ర వేసుకోకుండా గుడ్డ పోగులు కంటితో లెక్కపెట్టి పట్టుదారంతో కుడతారు. తల్లుల దగ్గర ముందే నేర్చుకున్నవాళ్ళుంటే వాళ్ళతోనే చేయించండి. పగటి వెలుతురులోనే చేయించండి.

ప్ర: పని వచ్చింది, డబ్బు రావట్లేదు. ఎందుకు?

జ: ఎక్కువ శిక్షణలు చతికిలబడేది ఇక్కడే. దారం, బకరం, గుండీలు, సూదులు, మిషన్ రిపేరు కూలిలోంచి తీసేసి, గడియారం పెట్టుకుని మిగిలిన అఫ్గానీలను (అక్కడి డబ్బు) పట్టిన గంటలతో భాగించమనండి. పిల్లల సాదా బట్టలకి గంటకి మిగిలేది ఏమీ ఉండదు. పాకిస్తాన్, చైనా రెడీమేడ్ ధరతో పోటీపడడం వృథా. కొలతలిచ్చి కుట్టించుకునేవి, ఈద్ బట్టలు, యూనిఫారాలు, ఆల్టరేషన్లు నయం. ఈద్ రద్దీ అయ్యాక గిరాకీ పడిపోతుంది, అప్పటికి యూనిఫారాల ఆర్డరు చేతిలో ఉండాలి.

రెండో చిక్కు అమ్మకం. 72 కిలోమీటర్లు దాటి వెళ్ళాలంటే మగ బంధువు తోడుండాలన్న నియమం ఉంది, కాబట్టి సరుకు తరచూ అన్నో మరిదో మోస్తాడు. డబ్బూ అతని చేతికే వస్తుంది. ఇచ్చిన బట్టలెన్ని, ఒప్పుకున్న కూలెంత, ముట్టినదెంత అన్నది రెండు చీటీల్లో రాసి ఒకటి ఆమె దగ్గరుంచాలి. కూలి ఆమెకే ముట్టాలన్న షరతు మొదటి రోజే కుటుంబానికి చెప్పాలి, తర్వాత చెబితే గొడవవుతుంది. మన దేశపు మహిళా కార్మికుల సంస్థ ‘సేవ’ 2008 ప్రాంతంలో కాబూల్‌లోని ఆడవాళ్ళ తోట బాగ్-ఎ-జనానాలో శిక్షణ మొదలుపెట్టినప్పుడు కుట్టుతోపాటు మార్కెటింగ్ కూడా పెట్టింది. మీరూ మూడో నెలలో పాఠాలు ఆపి, ఒక దుకాణం నుంచి పదిహేను ఇరవై జతల ఆర్డరు తెచ్చి చేయించండి. దుకాణదారు వెనక్కి పంపిన జతలు విప్పి చూస్తే ఇంకా ఏం నేర్పాలో తేలిపోతుంది.