అంబాసిడర్ రన్నింగ్ బోర్డు ఊడదీసే ముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. మీ తాత బండి కొత్తపట్నంలో ఇంటి పక్కన అన్నేళ్లు కదలకుండా నిలబడింది కదా, ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోయింది. డోర్ల కింద పొడుగునా ఉండే రన్నింగ్ బోర్డు బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోందంటే తుప్పు లోపలి నుంచి వచ్చిందన్నమాట. పుట్టీతో పోయేది కాదు, రేకు మార్చాల్సిందే. మీ ఒంగోలు మేస్త్రి గ్యాస్ కట్టర్‌తో గంటలో కోసేస్తానన్నాడని రాశావు. వద్దని చెప్పు. ఆ వేడికి చుట్టుపక్కల రేకంతా వంకర్లు తిరుగుతుంది, అడుగున బాగున్న రేకు కూడా తెగిపోతుంది.

అంబాసిడర్‌కి లారీలాగా కింద బరువు మోసే వేరే చట్రం, అదే ఛాసిస్, ఉండదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లండు కారు నుంచి వచ్చిన బాడీ అది, బరువంతా ఆ రేకులే మోస్తాయి. అందులో రన్నింగ్ బోర్డుది పెద్ద వాటా. నెల్లూరులో షెడ్డు పెట్టిన కొత్తలో ఈ సంగతి తలకెక్కక, ఒక బండిని మధ్యలో జాకీ మీద ఎత్తి, రెండు వైపులా ఒకేసారి కోసేశాను. కొత్త రేకులు అతికాక చూస్తే నాలుగు డోర్లలో ఒక్కటీ పడటం లేదు. విప్పి మళ్లీ చేయడానికి నెల పట్టింది, ఖర్చు నాదే. నువ్వు మాత్రం బండిని చదునైన నేల మీద, సస్పెన్షన్ దగ్గర స్టాండ్లు పెట్టి నిలబెట్టు. డోర్ల సందులు సరిగా ఉన్నప్పుడే, డోరు తీసి ఆ ఖాళీలో చదరపు పైపులు అడ్డంగా వెల్డింగు పెట్టించు. మూల నుంచి మూలకు టేపుతో కొలిచి గోడ మీద రాసుకో. ఒక వైపు పూర్తిగా అతికాకే రెండోది.

ఇంతకంటే ముందు బ్యాటరీ వైరు తీసెయ్. పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టు. లోపలి మ్యాట్లు, సీట్లు బయటికి తెచ్చెయ్. గాగుల్స్ లేకుండా గ్రైండర్ పట్టుకున్నావని తెలిస్తే మీ పెద్దమ్మతో తిట్టిస్తా.

స్పాట్లు, అంటే ఫ్యాక్టరీలో రెండు రేకుల్ని చుక్కలుచుక్కలుగా అతికిన వెల్డింగులు, ఎక్కడున్నాయో కనిపించడం లేదన్నావు. వాటిని తొలిస్తేనే పాత రేకు ఊడుతుంది. 80 నంబరు ఎమరీ కాగితం చెక్కముక్కకు చుట్టి అంచు వెంబడి రుద్దు. రేకు తెల్లగా మెరుస్తుంది, స్పాట్ పడిన చిన్న గుంటలో మాత్రం పెయింటు మిగిలిపోతుంది. ఆ చుక్కలే నీకు కావాల్సినవి. ఎన్ని ఉన్నాయో, ఎంతెంత దూరంలో ఉన్నాయో రాసుకో, తిరిగి అతికేటప్పుడు ఒక్కటి కూడా తగ్గకూడదు.

ఇక డ్రిల్లు. ప్రతి చుక్క నడుమ సెంటర్ పంచితో గట్టిగా ఒక దెబ్బ వెయ్యి, లేకపోతే బిట్ జారి పక్కకు పోతుంది. స్పాట్ వెడల్పు ఐదారు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి 8 మిల్లీమీటర్ల బిట్ సరిపోతుంది. కానీ మామూలు బిట్ మొన కోసుగా ఉంటుంది, పై రేకు అంచులు తెగేలోపే మొన కింది రేకులో దిగిపోతుంది. స్పాట్ వెల్డు బిట్ అని అడుగు, దాని మొన దాదాపు చదునుగా ఉండి మధ్యలో చిన్న ముల్లు ఉంటుంది. దొరక్కపోతే మామూలు బిట్‌నే గ్రైండర్ మీద అలా అరగదియ్యి. స్పీడు తగ్గించు, చుక్క ఆయిల్ వెయ్యి. కాసేపటికి మెరిసే పొట్టుతో పాటు ఎర్రటి పొడి వస్తుంది. రెండు రేకుల మధ్య దాగిన తుప్పు అది, పై రేకు తెగిందని గుర్తు. అక్కడే ఆగు. పారేసే రేకుకే బొక్క పడాలి, ఉండే రేకుకి పడకూడదు. ఈ పనిలో నేర్పంతా ఇంతే. చెయ్యి జారి కింది దానికీ పడిందా, వెనక రాగి బిళ్ల ఆనించి మిగ్ వెల్డింగు మిషన్‌తో పూడ్చు. రాగికి వెల్డింగు అంటదు.

రేకు మొత్తాన్ని ఒకేసారి ఊడదీయాలని చూడకు. అంచున రెండు సెంటీమీటర్లు వదిలి మధ్య భాగం ముందు కోసెయ్యి, చెయ్యి ఆడే చోటు దొరుకుతుంది. మిగిలిన పట్టీ కింద పలచటి ఉలి దూర్చి మెల్లగా తట్టు. ఎక్కడైనా బిగుసుకుంటే బలం పెట్టకు, ఒక స్పాట్ మిగిలిపోయి ఉంటుంది, వెతుకు. ముందు డోరుకీ వెనక డోరుకీ మధ్య ఉండే స్తంభం అడుగున మాత్రం మూడు పొరలు ఉండొచ్చు. అక్కడ ఏది తీసేది, ఏది ఉంచేదని తేల్చుకున్నాకే డ్రిల్లు పెట్టు.

ఇంకొకటి. వాయుగుండం రోజుల్లో తెరిచిన రేకు తెల్లారేసరికి ఎర్రబడుతుంది. ఆ రోజు విప్పినంత భాగానికి ఆ సాయంత్రమే జింకు ప్రైమర్ వెయ్యి, వెల్డింగుకు పనికొచ్చేదే కొను.

ఆదివారం పొద్దున రైలుకు వస్తున్నాను, నా బిట్లు తెస్తాను. అప్పటిదాకా ఎడమ వైపు చుక్కలు వెతుకుతూ ఉండు, కుడి వైపు చెయ్యి పెట్టొద్దు.

ఇట్లు
మీ పెదనాన్న
నెల్లూరు