ఎలుక బయటికి రావాలా, వద్దా?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. రోజూ రాత్రి స్నేహం గురించి ఏదో ఒక కథ చెబుతున్నాను, బుద్ధిగా వింటాడు. తెల్లారితే పక్కవాడికి రబ్బరు కూడా ఇవ్వడని టీచర్ కంప్లైంట్. ఇంకా ఎలాంటి కథలు చెప్పమంటారు?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: కథలు మార్చక్కర్లేదమ్మా. కథ అయ్యాక ఏమంటున్నారో మీరు రాయలేదు గానీ, "చూశావా, నువ్వూ అలా ఉండాలి" అంటున్నారని నా అనుమానం. ఆ ముక్క ఒక్కటీ మానేయండి. చివర్లో క్లాసు పీకుతారని తెలిశాక ఏ పిల్లాడికైనా కథ మీద మనసుండదు.

మిత్రలాభమే తీసుకోండి. పంచతంత్రంలో అది రెండో భాగం. చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలో దాన్నే ముందు పెట్టాడు. గోదావరి ఒడ్డున బూరుగు చెట్టు, వల, పావురాలు... ఇవన్నీ మీకు తెలిసినవే. పావురాలు వలతో సహా ఎగిరిపోయాయి అనగానే మనలో చాలామంది కథ ముగించేస్తాం. అసలు పసందు తర్వాతే ఉంది. వల కొరికి పావురాల్ని విడిపించిన హిరణ్యకుడనే ఎలుకను చూసి, లఘుపతనకం అనే కాకి ముచ్చటపడి స్నేహం చేద్దామంటుంది. ఎలుక ససేమిరా అంటుంది. నువ్వు తినేదానివి, నేను నీ తిండిని, మనకు స్నేహమేమిటని కలుగులోంచే జవాబు చెబుతుంది.

ఎంవీపీ కాలనీలో మా అరుగు మీద ఈ ఘట్టం చెబుతుంటే, పెదజాలారిపేట నుంచి వచ్చే ఓ బుడ్డోడు అడ్డుపడ్డాడు. "కాకి ఎండబెట్టిన సేపలే ఎత్తుకుపోతాది, ఎలకనొగ్గేస్తాదేటి? బయటికి రాకూడదు!" ఇంకో పిల్లేమో "రాకపోతే మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?" అంది. ఇక గొడవే గొడవ. నేను నోరు మెదపలేదు. మెదపనిస్తేగా!

మీవాడి దగ్గరా సరిగ్గా అక్కడే ఆపి, "ఎలుక బయటికి రావాలా, వద్దా?" అని అడగండి. వద్దంటే కోప్పడకండి, ఎందుకో చెప్పమనండి. ఎప్పుడో ఇచ్చిన రబ్బరు తిరిగి రాలేదేమో! మూడో తరగతిలో అదేం చిన్న నష్టం కాదు. ఇంకో రాత్రి, పావురాల రాజు చిత్రగ్రీవుడు "ముందు మావాళ్ల కట్లు కొరుకు, తర్వాతే నావి" అన్నచోట ఆపి చూడండి.

ఈ ఆదివారం ఆ పక్కవాణ్ణి కూడా వెంటబెట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లండి. మొక్కజొన్న పొత్తులు మాత్రం చెరొకటి కొనండి.