ఆవు మింగిన కవరు పేడలో బయటికి రాదు

"పల్చటి కవరే కదా, ఆవు తిన్నా పేడలో పోతుందంటారు, నిజమేనా? డీగ్రేడబుల్ కవర్లు వాడితే ఈ బాధ తప్పుతుందా?" అని అడిగారు. పేడలో పోదు, బాధా తప్పదు.

ఆవు మేతను పెదాలతో ఏరుకోదు. నాలుకతో చుట్టి లాక్కుని, సరిగా నమలకుండానే మింగేస్తుంది. అది పెద్దపొట్టలో, అంటే రూమెన్‌లో పడుతుంది. ఎదిగిన ఆవుకి అందులో వంద లీటర్ల పైనే పడుతుంది గానీ, ముందుకు వెళ్లే దారి ఇరుకు. నెమరేసి కొన్ని మిల్లీమీటర్లకు నలిగిన మేతే ఆ దారి దాటుతుంది. కవరు నలగదు, అరగదు. పొట్ట నిమిషానికి ఒకటి రెండుసార్లు ముడుచుకుంటూ ఉంటుంది కాబట్టి లోపలి కవర్లన్నీ మోకులా పేనుకుపోతాయి.

పాలు తగ్గుతాయి. నెమరు తగ్గుతుంది. ఉబ్బరం పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. ఎక్స్‌రేలో పల్చటి ప్లాస్టిక్ కనబడదు, అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. విరేచనాల మందు తాగించడం వృథా, దయచేసి ఆ పని చెయ్యకండి.

ఇక మిగిలింది ఆపరేషనే. ఆవుని నిలబెట్టి, ఎడమ డొక్కకి లిగ్నోకెయిన్‌తో తిమ్మిరెక్కించి కోస్తారు. రూమెన్‌ను తెరిచేముందు దాని గోడను చర్మానికి కుట్టేస్తారు. ఈ కుట్టు వదులైతే లోపలి ద్రవం కడుపులోకి కారి, చీము పట్టి, ఆవు దక్కదు. తర్వాత భుజం దాకా చెయ్యి దూర్చి లాగాలి. పేనుకున్న మోకు మధ్యలో తెగితే మళ్లీ తడిమి వెతకాలి. వేసిన ముడి వేసినట్టే ఉన్న కవర్లు కూడా వస్తాయి. 20, 30 కిలోలు తీసిన కేసులున్నాయి. పక్కనే ఉన్న జాలపొట్టను కూడా తడమాలి, ఎందుకంటే కవర్లోని చెత్తతో వచ్చిన మేకులు, సూదులు అక్కడ చేరి గుండె వైపు గుచ్చుకుంటాయి. చివర్లో ఆరోగ్యంగా ఉన్న పశువు రూమెన్ ద్రవం పోస్తే అరుగుదల త్వరగా కోలుకుంటుంది.

డీగ్రేడబుల్ అనే ముద్ర చూసి మోసపోకండి. ఆక్సో రకం, అంటే త్వరగా విరిగిపోయేలా మందు కలిపిన ప్లాస్టిక్, మట్టిలో కలవదు, చిన్న చిన్న ముక్కలవుతుంది, అంతే. యూరోపియన్ యూనియన్ 2021లో వాటి అమ్మకాన్నే ఆపేసింది. కంపోస్టబుల్, అంటే ఎరువుగా మారే కవర్లలో చాలావాటికి 58 డిగ్రీల దగ్గర వారాల తరబడి వేడి కావాలి. రూమెన్‌లో ఉండేది 39 డిగ్రీలు.

నన్నడిగితే కవరు మందం గురించిన వాదనలకంటే ముందు తేలాల్సింది ముడి సంగతి. తిండి వాసన తగిలిన పశువుకి ముడి విప్పడం రాదు, కవరుతో సహా మింగుతుంది. అందుకని తడి చెత్తను నేరుగా డబ్బాలోకి వొంపండి. ఖాళీ కవర్ని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పొడి చెత్తలో వేయండి. కడగకుండా వేస్తే ఆ వాసనకే మళ్లీ నోట పెడుతుంది.