పాఠకుల ప్రశ్నలు, జవాబులు: స్క్రాచ్‌లో ఉంచిన ఫైళ్లకు పూచీ ఎవరిది?

ప్రశ్న: మా సంస్థలోని ఉమ్మడి సూపర్‌ కంప్యూటరులో నడిపిన సిమ్యులేషన్ల ఫలితాలను, లెక్కలు నడిచేటప్పుడు వాడే స్క్రాచ్ డైరెక్టరీలో ఉంచి, వ్యాసం రాసే పనిలో పడి కొన్ని నెలలు అటు చూడలేదు. ఇప్పుడు లాగిన్ అయితే ఫోల్డర్లు ఉన్నాయి కాని వాటిలో ఫైళ్లు లేవు. తిరిగి తెచ్చే వీలు లేదని నిర్వాహకులు చెబుతున్నారు. అంత పెద్ద వ్యవస్థకు బ్యాకప్ ఎందుకు ఉండదు? (ఒక పరిశోధక విద్యార్థిని)

జవాబు: నెలల శ్రమ పోయిందన్న బాధలో ఉన్నారు కనుక, ముందు ఇప్పుడు చేయదగినది చెబుతాను. ఆ సిమ్యులేషన్లకు వాడిన ప్రోగ్రాము, ఇన్‌పుట్ ఫైళ్లు, జాబ్ స్క్రిప్టులు (కంప్యూటరుకు అప్పగించే ఒక్కొక్క పనిని, అంటే జాబ్‌ను, ఎలా నడపాలో చెప్పే ఫైళ్లు) మీ హోమ్ డైరెక్టరీలో, అంటే మీ ఖాతాకిచ్చిన సొంత చోటులో, ఉన్నాయేమో చూడండి. అవి ఉంటే ఫలితాలను మళ్లీ రాబట్టవచ్చు. కంప్యూటరు సమయం ఖర్చవుతుంది కాని పని పోలేదు. హోమ్‌లో కూడా కనిపించకపోతే, దానికి స్నాప్‌షాట్లు (ఫలానా సమయానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో భద్రపరిచిన ప్రతులు) ఉన్నాయా అని నిర్వాహకులను ప్రత్యేకంగా అడగండి. స్క్రాచ్‌కు లేని ఆ సదుపాయం హోమ్‌కు చాలా చోట్ల ఉంటుంది.

ఈ తేడా ఎందుకంటే, ఉమ్మడి వ్యవస్థలో ఒక్కొక్క చోటును ఒక్కొక్క పనికోసం కట్టారు. హోమ్ చిన్నది, సాధారణంగా కొన్ని పదుల గిగాబైట్లకు మించదు. అందుకే దానికి క్రమం తప్పకుండా బ్యాకప్ తీయడం సాధ్యమవుతుంది. స్క్రాచ్ అలాంటిది కాదు, అది జాబ్‌లు నడిచేటప్పుడు వాడే పెద్ద తాత్కాలిక చోటు. వేలాది ప్రాసెసర్లు ఏకకాలంలో చదివి రాయగలిగేలా, లస్టర్ వంటి ఫైల్ సిస్టమ్ ఒక్కొక్క పెద్ద ఫైలును ముక్కలుగా చేసి అనేక సర్వర్లలో పరచగలదు. అక్కడ ప్రతిరోజూ పుట్టి పోయే డేటా ఎంత ఎక్కువంటే, దానికి నకలు తీస్తూ పోతే నకలు తీసే పనికే ఆ వేగమంతా సరిపోతుంది. కాబట్టి చాలా కేంద్రాలు స్క్రాచ్‌కు బ్యాకప్ తీయవు; పైగా 30, 60 లేక 90 రోజులు ముట్టని ఫైళ్లను వాటంతట అవే తొలగిపోయేలా ఏర్పాటు చేస్తాయి. ‘ముట్టడం’ అంటే కొన్ని చోట్ల చివరిసారి చదివిన తేదీ, మరికొన్ని చోట్ల చివరిసారి మార్చిన తేదీ. మీ కేంద్రం దేనిని లెక్కిస్తుందో నియమావళిలో చదివి తెలుసుకోండి. తేదీలు మార్చే ఆదేశంతో గడువు పొడిగించుకోమని కొందరు సలహా ఇస్తారు. దాన్ని పాటించకండి, అది అనేక కేంద్రాలలో నియమ ఉల్లంఘన, పైగా మీవల్ల నిండిన చోటు మరొకరి జాబ్‌ను ఆపుతుంది.

డిస్కులు రెయిడ్ పద్ధతిలో (ఒక డిస్కు పాడైనా డేటా పోకుండా అనేక డిస్కులను కలిపి వాడే పద్ధతి) ఉన్నాయి కదా అన్న ధీమా కూడా పనికిరాదు. డిస్కు పాడైనప్పుడు రెయిడ్ ఆదుకుంటుంది. ఫైలును ఎవరైనా తొలగిస్తే ఆ తొలగింపును అన్ని డిస్కుల మీదా అంతే నమ్మకంగా అమలు చేస్తుంది. అంతెందుకు, బ్యాకప్ ప్రక్రియే నష్టం కలిగించిన సందర్భం ఉంది. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు సూపర్‌ కంప్యూటరులో బ్యాకప్ స్క్రిప్టును అది నడుస్తుండగానే మార్చడంతో, పాత లాగ్ ఫైళ్లను తొలగించవలసిన ఆదేశం పరిశోధకుల ఫైళ్ల మీద పడి, సుమారు 77 టెరాబైట్ల డేటా, 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. నష్టపోయిన 14 బృందాలలో 4 బృందాల డేటాను బ్యాకప్ నుంచి తిరిగి తేలేకపోయారు. అంత పకడ్బందీగా నడిచే చోటే అలా జరిగినప్పుడు, మళ్లీ పుట్టించలేని డేటాకు ఆ వ్యవస్థకు బయట, మీ అధీనంలో, మరొక నకలు ఉండి తీరాలని నేను గట్టిగా చెబుతాను. జాబ్ ముగిసిన రోజే దేనిని ఉంచాలో తేల్చుకుని, దానిని ప్రాజెక్టు నిల్వకో టేప్ ఆర్కైవ్‌కో పంపండి.

ప్రశ్న: నాకిచ్చిన చోటులో సగానికి పైగా ఖాళీ ఉన్నా కోటా మించిందన్న సందేశం వచ్చి జాబ్‌లు ఆగిపోతున్నాయి. కారణమేమిటి?

జవాబు: కోటా రెండు రకాలుగా ఉంటుంది: ఫైళ్ల మొత్తం పరిమాణానికి ఒకటి, ఫైళ్ల సంఖ్యకు మరొకటి. మీరు రెండోదాన్ని దాటి ఉంటారు. ఒక్క కోండా ఎన్విరాన్‌మెంటే (ఒక పనికి కావలసిన సాఫ్ట్‌వేరు ప్యాకేజీలన్నీ ఒకచోట చేర్చిన డైరెక్టరీ) వేల ఫైళ్లను తెచ్చి పెడుతుంది. మెషీన్ లెర్నింగ్ శిక్షణకు వాడే చిన్న చిన్న చిత్రాలైతే లక్షల్లో ఉంటాయి. ప్రతి ఫైలు పేరు, అనుమతులు, ముక్కలు ఉన్న చోటు వంటి వివరాలను మెటాడేటా సర్వరు చూసుకుంటుంది కనుక, లక్షల చిన్న ఫైళ్లను తెరిచి మూసే ఒక్క జాబ్ మిగిలిన అందరి పనినీ నెమ్మదింపజేయగలదు. ఆ చిత్రాలను ఒక టార్ ఫైలుగా (అనేక ఫైళ్లను ఒకటిగా కట్టిన మూట) కట్టి, జాబ్ మొదలైనప్పుడు అది నడిచే యంత్రమైన కంప్యూట్ నోడ్‌లోని స్థానిక డిస్కులో విప్పుకుని వాడండి. ప్రోగ్రాము రాసేది మీరే అయితే, హెచ్‌డీఎఫ్5 వంటి ఫార్మాట్‌లో అన్నింటినీ ఒకే ఫైలులో పెట్టడం ఇంకా మేలు.

ప్రశ్న: 2 టెరాబైట్ల ఫలితాలను మా ప్రయోగశాల సర్వరుకు ఎస్‌సీపీతో (నెట్‌వర్కు మీదుగా ఫైళ్లను నకలు చేసే ఆదేశం) పంపుతుంటే మధ్యలో తెగిపోతోంది, ప్రతిసారీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది. మార్గమేమిటి?

జవాబు: ముందు లెక్క వేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల లైనులో, అది పూర్తి వేగంతో నడిచినా, 2 టెరాబైట్లకు సుమారు 44 గంటలు పడుతుంది. 1 గిగాబిట్ లైనులో నాలుగున్నర గంటలు. ఇన్ని గంటల పనిని, అందరూ లాగిన్ అయ్యే ఉమ్మడి యంత్రమైన లాగిన్ నోడ్ మీద పెట్టకూడదు. డేటా బదిలీకి ప్రత్యేకించిన నోడ్ ఉంటే అక్కడినుంచి, టీమక్స్ సెషన్‌లో (మీ కనెక్షన్ తెగినా పని ఆగకుండా ఉంచే సాధనం), ఆర్‌సింక్ అనే నకలు తీసే ప్రోగ్రాముతో పంపండి. తెగిపోతే అదే ఆదేశాన్ని మళ్లీ ఇస్తే చాలు, చేరిన ఫైళ్లను వదిలి మిగిలినవాటినే పంపుతుంది. ‘పార్షియల్’ ఆప్షన్ జోడిస్తే సగంలో ఆగిన ఫైలు కూడా వృథా కాదు. గ్లోబస్ అనే ఫైళ్ల బదిలీ సేవ ఉన్నచోట అదే మేలు, ఎందుకంటే తెగిన బదిలీని తనంతట తానే కొనసాగించి చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని తేల్చడానికి దాని డేటా నుంచి లెక్కగట్టిన గుర్తు) కూడా సరిచూస్తుంది.

ఆర్‌సింక్‌లో ఒక చిన్న గీతను జాగ్రత్తగా గమనించండి. పంపే డైరెక్టరీ పేరు చివర ఏటవాలు గీత ఉంటే దాని లోపలి ఫైళ్లు మాత్రమే అవతలికి వెళతాయి. లేకపోతే ఆ డైరెక్టరీయే వెళ్లి కూర్చుంటుంది. దీనికి ‘డిలీట్’ ఆప్షన్ తోడైతే, అవతలి చోట ఉండి ఇవతల లేని ఫైళ్లన్నీ పోతాయి. స్క్రాచ్‌కు అద్దంలా ఉండాలని ఆ ఆప్షన్‌తో రోజూ ఆర్‌సింక్ నడిపేవారున్నారు. గడువు దాటి స్క్రాచ్‌లోని ఫైళ్లు తొలగిన మరునాడు ఆ నకలు కూడా ఖాళీ అవుతుంది. కాబట్టి ‘డిలీట్’ను బ్యాకప్‌కు వాడకండి; తప్పనిసరైతే ముందు, నిజంగా ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపే ‘డ్రై రన్’తో ఏమేమి పోతాయో చూడండి. బదిలీ ముగిశాక రెండు వైపులా షా256 చెక్‌సమ్‌లు పోల్చి, ఒకటి రెండు ఫైళ్లను నిజంగా తెరిచి చదివిన తరువాతే అసలును తొలగించండి.

ప్రశ్న: సహ పరిశోధకులు నా ఫైళ్లు చదవడానికి అనుమతులను 777గా (అందరికీ చదివే, రాసే, నడిపే హక్కు) మార్చవచ్చా?

జవాబు: వద్దు. దానివల్ల, పై డైరెక్టరీలు అడ్డుకోకపోతే, ఆ వ్యవస్థలో ఖాతా ఉన్న ప్రతివారూ మీ ఫైళ్లను మార్చగలరు, తుడిచేయగలరు. మీ ప్రాజెక్టుకు ఒక గ్రూపును ఏర్పాటు చేయమని నిర్వాహకులను కోరి, ఉమ్మడి డైరెక్టరీకి సెట్‌జీఐడీ అనే ప్రత్యేక అనుమతిని పెట్టించుకోండి. అందులో కొత్తగా పుట్టే ఫైళ్లు ఆ గ్రూపుకే చెందుతాయి. మీలో ఎవరైనా సంస్థను విడిచి వెళుతుంటే, ఖాతా మూతపడకముందే వారి పేరున ఉన్న ఫైళ్ల యాజమాన్యాన్ని మరొకరికి మార్పించండి. ఖాతా పోయాక ఆ ఫైళ్ల అనుమతులను నిర్వాహకులు తప్ప మరెవరూ మార్చలేరు, కొన్ని కేంద్రాలు కొంత గడువిచ్చి వాటిని తొలగిస్తాయి కూడా.