పర్సనల్ బ్రాండ్ ఎక్కడ మొదలుపెట్టాలి? మా మగ్గం దగ్గర నాకు తెలిసొచ్చింది

చెల్లీ, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నానని, క్లాసులో అందరూ పర్సనల్ బ్రాండ్, అంటే మన పేరు చెప్పగానే జనానికి మన పని గుర్తుకురావడం, అంటుంటే ఇన్‌స్టాలో ఏం పెట్టాలో తోచట్లేదని రాశావు. రోజూ రీల్ పెట్టాలా, మొదట్లో కొంతమంది ఫాలోవర్లను కొనుక్కుంటే తప్పా అని కూడా అడిగావు. నాలుగేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, నాకు జరిగిందే చెబుతాను.

మాది పోచంపల్లి పక్క ఊరు. అమ్మానాన్నలది మగ్గం పని. బీకాం అయ్యాక పేజీ తెరిచి, మొదటి నాలుగు నెలలూ చీర కట్టుకుని ట్రెండింగ్ పాటకు నడిచి చూపించడమే చేశాను. రెండు వందల వ్యూస్, మూడు వందల వ్యూస్, అందులో సగం చుట్టాలవే. రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని, నా మొహం కెమెరాకు పనికిరాదేమో అని టెన్షన్ పడేదాన్ని.

ఒకరోజు అమ్మ రంగు అద్దిన నూలు ముందేసుకుని కట్లు విప్పుతోంది. టై అండ్ డైలో రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలు బిగించి కడతారు. రంగులో ముంచి ఆరబెట్టి విప్పితే ఆ చోటు తెల్లగా మిగులుతుంది. అమ్మ ఒక్కో పట్టీ లాగుతుంటే ఎర్రటి నూలులో తెల్ల మచ్చలు వరసగా బయటపడుతున్నాయి. ఫోన్ బాగా దగ్గరగా పెట్టి తీశాను. పాట లేదు. "ఆ ఫోన్ పక్కకు వెట్టి గీ కొస వట్టు బిడ్డా" అని అమ్మ కసురుకోవడం కూడా అందులో పడింది. అలాగే పెట్టేశాను. వారంలో లక్ష దాటింది. కామెంట్లలో ఒకటే ప్రశ్న: ఈ మచ్చలు చీర మీద పువ్వు ఎలా అవుతాయి? దానికి జవాబే నా రెండో వీడియో. దాని కింద అడిగిన ప్రశ్నకు జవాబు మూడోది. ఆసు పోయడం (నూలును మేకుల చుట్టూ తిప్పడం), దువ్వెన లాంటి పన్నెలో దారాలు ఎక్కించడం, పడుగు (నిలువు దారం) తెగితే అతకడం... ఏళ్లకు సరిపడా విషయం మా ఇంట్లోనే ఉంది. నేను బయట వెతుక్కున్నాను.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వనే చూడు. మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్‌లో ఆమె తన ఊరి మాటే మాట్లాడింది. 2020లో బిగ్ బాస్‌కు వెళ్లినప్పుడూ అదే మాట. అందుకే జనం ఆమెను మా ఇంటి అవ్వ అనుకున్నారు.

రోజూ రీల్ అక్కర్లేదు. నేను వారానికి రెండే పెడతాను. ఫాలోవర్లను మాత్రం కొనకు, కొన్న అకౌంటు నీ వీడియో చూడదు, నీ దగ్గర ఏమీ అడగదు. యూట్యూబ్‌లో మామూలు వీడియోలకు యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. అక్కడికి చేరడానికి నాకు ఏడాదిన్నర పైనే పట్టింది. ఇంటికి ఆసరా అయింది మాత్రం ఆ డబ్బు కాదు, చీరల ఆర్డర్లు.

ఇప్పుడు నువ్వు అడగనిది ఒకటి చెప్పాలి. ఫాలోవర్లు ఇరవై వేలు దాటాక ఒక చీరల షాపు వాళ్లు ఫోన్ చేశారు. ఒక్క రీల్‌కు ఎనిమిది వేలు. పార్సిల్ వచ్చిన సాయంత్రమే "పోచంపల్లి చీరలు" అని చెప్పి పెట్టేశాను. చీర తిరగేసి చూడలేదు. పది రోజులకు, అంతకుముందు మా దగ్గర రెండు చీరలు కొన్న విజయవాడ ఆవిడ మెసేజ్ పెట్టారు: "నువ్వు చూపించావని తెప్పించుకున్నానమ్మా. వెనకవైపు రంగు పాలిపోయినట్టుంది. ఇది నేసిందేనా?"

పరుగున వెళ్లి నా దగ్గరున్న చీర తిరగేశాను. మా టై అండ్ డై నేతనే ఇక్కత్ అంటారు. ఇక్కత్‌లో రంగు నేయకముందే నూలుకు ఎక్కుతుంది కాబట్టి రెండువైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది. పువ్వు అంచులు కొంచెం అలికినట్టు ఉంటాయి. ఈ చీరకు వెనక వెలవెలబోతోంది, అంచులు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ప్రింటు. నాన్న దాన్ని వేళ్లతో పట్టి చూసి, ఒక్క మాట అనకుండా మగ్గం గుంటలోకి దిగిపోయాడు. రోజంతా నాతో మాట్లాడలేదు. ఇలాంటి ప్రింట్ల వల్లే మా వాడలో కొన్ని మగ్గాలు ఆగిపోయాయి, అలాంటి ప్రింటునే నా నోటితో నేనే అమ్మాను.

ఆ రీల్ తీసేసి, షాపు డబ్బు వెనక్కి పంపి, ఆవిడకు చీర ఖరీదు కట్టేశాను. తర్వాత అదే చీర రెండువైపులా చూపిస్తూ, డబ్బు తీసుకుని పొరపాటు చేశానని చెప్పి ఇంకో వీడియో పెట్టాను. కొందరు తిట్టి వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం ఇప్పటికీ మా దగ్గరే కొంటారు.

డబ్బు తీసుకున్నట్టు ఆ రీల్‌లో చెప్పకపోవడం ఇంకో తప్పు. ప్రకటన అయితే ప్రకటన అని అందరికీ కనిపించేలా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ స్పష్టంగా చెప్పింది. తప్పుదారి పట్టించే ప్రచారానికి మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఉచితంగా వచ్చిన వస్తువుకూ ఇదే నియమం. చిన్న పేజీ కదా అనుకోకు.

ఇంకొక జాగ్రత్త. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు మా పిన్ని కూతురి దగ్గర యాభై వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. ఒక్కరి నంబరూ లేదు. అందుకే నేను చీర కొన్న ప్రతి ఒక్కరినీ అడిగి, పేరూ ఫోన్ నంబరూ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. రేపు ఇన్‌స్టా అకౌంటు పోయినా వాళ్లకు ఫోన్ చేయగలను.

మీ అమ్మ బ్లౌజులు కుడుతుందని, అది పెద్ద విషయం కాదని రాశావు. కొత్త బ్లౌజుకు చంక దగ్గర ముడతలు ఎందుకొస్తాయో, కటింగ్‌లో ఎక్కడ సరిచేయాలో ఆమెను అడుగు. కత్తెర కనిపించేలా, ఆమె చెబుతున్న మాట వినిపించేలా దగ్గర నుంచి తియ్యి. మొదటి వీడియో అదే పెట్టు, పెట్టాక లింక్ ఇక్కడ ఇవ్వు, నేను చూస్తాను.