టెక్ సందేహాలు: ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ లీవర్ టకటకా కొట్టుకుంటే భయపడాలా?

ఈ వారం వచ్చిన సందేహాల్లో మూడు ఏబీఎస్ మీదే (బ్రేక్ గట్టిగా పట్టినా చక్రం బిగుసుకోని జారకుండా చూసే ఏర్పాటు) ఉన్నాయి, మూడూ ఒకదానికొకటి ముడిపడినవే, అందుకే మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తా ఉండా.

తిరుపతి మంగళం నుంచి ఒక తమ్ముడు: "అన్నా, పోయిన వారం కొండ మీద నుంచి దిగతా ఉంటే సన్నగా వాన, ముందర కారు సడన్‌గా ఆగింది. గట్టిగా బ్రేక్ పట్టినా. లీవర్ టకటకా కొట్టుకోని వేళ్లను వెనక్కి నెట్టింది, భయమేసి వదిలేసినా, మళ్లీ పట్టినా, కారుకు జానెడు దూరంలో ఆగినా. మెకానిక్ ఏబీఎస్ ఫ్యూజ్ పీకేస్తే ఆ కొట్టుకోవడం ఉండదంటా ఉండాడు. పీకించేదా?"

వద్దు తమ్ముడూ, దయచేసి పీకించొద్దు. ఆ కొట్టుకోవడమే నిన్ను ఆ రోజు కింద పడకుండా కాపాడింది. నువ్వు చేసిన తప్పు ఒక్కటే, మధ్యలో వదలడం.

లోపల ఏం జరిగిందో చెప్తా. నీ ముందు చక్రం దగ్గర డిస్క్ పక్కనే చీలికలున్న ఒక రింగు ఉంటాది, దాని ఎదురుగా చిన్న సెన్సర్. చక్రం తిరిగేకొద్దీ ఒక్కో చీలికా సెన్సర్ ముందు నుంచి పోతాది, అది లెక్కపెట్టుకుంటా ఉంటాది. గంటకు 60 కిలోమీటర్లలో పోతా ఉంటే మామూలు బైక్ చక్రం సెకనుకు ఎనిమిది చుట్లు పైనే తిరుగుతాది, బ్రేక్ పడితే ఆ లెక్క మెల్లగా తగ్గాల. కానీ తడి రోడ్డు మీద టైర్‌కు పట్టు చాలక, బైక్ ఇంకా స్పీడ్‌లోనే ఉన్నా చక్రం మాత్రం ఉన్నట్టుండి ఆగిపోబోతాది. ఆ తేడా కనిపించిన మరుక్షణం కంప్యూటర్ ఒక వాల్వ్ మూసేస్తాది, నువ్వెంత గట్టిగా పిండినా ప్రెషర్ ఇంక కాలిపర్‌కు, అంటే డిస్కును పట్టి బిగించే భాగానికి, పోదు. అదీ చాలకపోతే ఇంకో వాల్వ్ తెరిచి ఉన్న ప్రెషర్ కొంచెం వదుల్తాది, చక్రం మళ్లీ తిరగడం మొదలైతానే మళ్లీ ప్రెషర్ ఎక్కిస్తాది. ఇదంతా సెకనులో ఎన్నోసార్లు జరుగుతాది. బయటికి వదిలిన ఆయిల్‌ని పంపు వెనక్కి తోస్తాది కదా, ఆ తోపే నీ వేళ్లకు తగిలింది.

చక్రం ఆగిపోతే ఏం పోయిందబ్బా, బండి కూడా ఆగుతాది కదా అనుకుంటారు చాలామంది. ఆగదు, జారతాది. పైగా ముందు చక్రం తిరగకుండా జారితే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి మాట వినదు, బ్యాలెన్స్ కూడా పోతాది. ఏబీఎస్ లేని పాత బండి మీద కరకంబాడి రోడ్డులో మొదటి చినుకులప్పుడు నాకు అదే జరిగింది, బ్రేక్ పట్టిందే గుర్తుంది, తర్వాత గుర్తున్నది మోకాలు కొట్టుకుపోయి రోడ్డు మీద కూర్చోనుండడమే. అందుకే ఇంత గట్టిగా చెప్తా ఉండా.

కాబట్టి లీవర్ కొట్టుకుంటే ఇంకా గట్టిగా పట్టుకో, బండి ఆగేదాకా వదలొద్దు. 60లో సెకనుకు 16 మీటర్లు పైనే పోతావు, అర సెకను వదిలితే 8 మీటర్లు ఊరికే పోయినట్టే.

అట్లని ఏబీఎస్ ఉందని ధైర్యంగా దూకేది కాదు. 1944లో వేసిన మన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు, ఇప్పుడు దిగడానికి వాడేది, దాంట్లో మలుపులు ఎట్లుంటాయో నీకు చెప్పాల్సిన పని లేదు. మామూలు ఏబీఎస్‌కు బండి ఎంత వంగిందో తెలీదు, అది తెలిసేది ఖరీదైన బండ్లలో వచ్చే కార్నరింగ్ ఏబీఎస్‌కే. అందుకని స్పీడ్ మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే తగ్గించుకోవాల. ఇసకా కంకరా ఉన్న చోట ఏబీఎస్ ఉంటే ఆగే దూరం కాస్త జాస్తి కూడా కావచ్చు.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. కొండ దిగేంతసేపూ బ్రేక్ నొక్కి పెట్టుకోనే వస్తే డిస్కు కాలిపోతాది, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు ఎక్కుతాది. ఆయిల్ గాలిలో తేమను పీల్చుకునే రకం, పాతదయ్యేకొద్దీ తక్కువ వేడికే మరుగుతాది, మరిగితే బుడగలొచ్చి లీవర్ మెత్తగా లోపలికి పోతాది. అప్పుడు ఏ ఏబీఎస్సూ కాపాడలేదు. రెండో గేరో మూడో గేరో వేసి ఇంజన్ పట్టు మీద దిగు, ఆయిల్ రెండేళ్లకొకసారి మార్పించు.

చిత్తూరు నుంచి ఒక అక్క: "మా అబ్బాయికి బైక్ కొనాలి, రోజూ మొగిలి ఘాట్ మీద పలమనేరు పోయి రావాలి, సింగిల్ ఛానల్ చాలా, డ్యూయల్ కావాలా?"

డబ్బులు సర్దుకోగలిగితే డ్యూయల్ కొనండక్కా. డ్యూయల్ అంటే రెండు చక్రాలకూ ఏబీఎస్, సింగిల్ ఛానల్ అంటే మన బండ్లల్లో ముందు చక్రానికి మాత్రమే, 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసిన రూల్‌కు అది సరిపోతాది. మనిషిని ఠక్కున పడేసేది ముందు చక్రమే, కాబట్టి సింగిలూ పనికిరానిది కాదు. కానీ ఘాట్ దిగేటప్పుడు బరువంతా ముందుకు వాలి వెనక చక్రం తేలికైపోతాది, కంగారులో కాలితో గట్టిగా తొక్కితే అది లాక్ అయి తోక పక్కకు ఈడుస్తాది. రోజూ బెంగళూరు లారీల మధ్య తిరిగే పిల్లోడికి వెనకది కూడా ఉంటే మేలు. 1988లో బీఎండబ్ల్యూ కే100 బైక్‌కు మొదటిసారి ఏబీఎస్ పెట్టినప్పుడు ఆ యూనిట్టే 11 కిలోలు ఉండేది, ఇప్పుడు కిలో కూడా లేనివి వచ్చేసినాయి కాబట్టే మనం కొనే బండ్లదాకా వచ్చింది.

రేణిగుంట నుంచి ఇంకొకరు: పంక్చర్ వేయించినప్పటి నుంచి ఏబీఎస్ లైటు ఆరడం లేదంట.

తాళం తిప్పగానే ఆ లైటు వెలగడం మామూలే, బండి కదిలి కొంచెం స్పీడ్ అందుకున్నాక ఆరిపోవాల. ఆరలేదంటే ఏబీఎస్ పనిచేయడం లేదని అర్థం, మామూలు బ్రేకులు మాత్రం ఉంటాయి. చక్రం ఊడదీసి బిగించేటప్పుడు రింగు వంగడమో సెన్సర్ పక్కకు జరగడమో అయ్యుంటాది, ఆ రెండింటి మధ్య సందు చాలా తక్కువ, బురద ఇరుక్కున్నా చాలు. ముందు తడి గుడ్డతో తుడిచి, వైరు తెగిందేమో చూసి, ఒక రౌండు తిప్పి చూడండి. సెంటర్ స్టాండ్ వేసి గేర్లో వెనక చక్రం తిప్పితే కూడా కొన్ని బండ్లకు లైటు వస్తాది, ముందుది ఆగి వెనకది తిరగతా ఉంటే దానికి లెక్క కుదరదు, తాళం ఆపి మళ్లీ వేసి నడిపితే పోతాది. అప్పటికీ పోకపోతే సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టించండి, అందాకా ఏబీఎస్ లేని బండి నడిపినట్టే నడపండి.